నాగజెముడును తొలిచిన పురుగు వెంట: క్వీన్స్‌లాండ్‌లో ఐదు రోజులు

బయల్దేరే ముందు

ఈ దారిన వెళ్లడానికి ఫిబ్రవరి ఆఖరి వారం నుంచి మార్చి సగం దాకా మంచి అదను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ను కమ్మేసిన నాగజెముడును అణచడానికి తెచ్చి వదిలిన చిమ్మట కాక్టోబ్లాస్టిస్ కాక్టోరమ్. దానికి అక్కడ ఏడాదికి రెండు తరాలు. తల్లి పురుగులు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకసారి, జనవరి, ఫిబ్రవరుల్లో మరోసారి ఎగురుతాయి. రెండో విడత గుడ్లు పడ్డ రెండు మూడు వారాలకు వెళ్తే ఒకే పొదలో మూడు దశలూ చూడొచ్చు: పొదగని గుడ్ల పుల్లలు (పుల్లలా ఒకదానిమీద ఒకటి పేర్చిన గుడ్లు), అప్పుడే లోపలికి దూరుతున్న పిల్ల పురుగులు, ముందు తరం తినేసి వదిలిన ఎండు డొల్లలు. నెల ఆలస్యమైతే ఖాళీ పుల్లలే మిగులుతాయి.

నాగజెముడు చదునైన కాండాన్ని ఇక్కడ పడగ అంటున్నాను. నాగఫణి అన్న పేరులో ఉన్నదీ ఆ పడగే. క్వీన్స్‌లాండ్‌ను కమ్మేసిన జాతి ఒపన్షియా స్ట్రిక్టా. మన పొలం గట్ల మీద ఉండే ఒపన్షియా డిల్లెనీకి ఇది చాలా దగ్గరి చుట్టం. చిన్నప్పుడు నాగజెముడు పండు తిని నోరు ఎర్రబడ్డవాళ్లు ఈ మొక్కను దూరం నుంచే గుర్తుపడతారు.

పెద్ద ముళ్లను చూసి అందరూ జాగ్రత్త పడతారు. బాధపెట్టేవి నూగు ముళ్లు. పడగ మీద ముళ్లు పుట్టే ప్రతి కన్ను దగ్గరా కుచ్చుగా ఉంటాయి, కొనలకు వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి, తాకితే చాలు ఊడి వస్తాయి. గుడ్డ చేతితొడుగులు వద్దు. నూగు ముళ్లు నేతలో ఇరుక్కుని తర్వాత రెండు రోజులు గుచ్చుతూనే ఉంటాయి. తోలువి తీసుకోవాలి. వాటితో పాటు అడుగు పొడవున్న వంటింటి పట్టకారు, సన్నమూతి శ్రావణం, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, చీలమండ దాటే తోలు బూట్లు, మూత బిగుతుగా పట్టే రేకు డబ్బా ఒకటి. ముళ్లు దిగితే రుద్దొద్దు, నోటితో లాగొద్దు. ముందు శ్రావణంతో కుచ్చుల్ని తీసి, మిగిలిన వాటిమీద తెల్ల జిగురు పల్చగా రాసి, పైన పల్చని గాజుగుడ్డ అద్ది, పూర్తిగా ఆరాక ఒక్క లాగున ఊడదీస్తే చాలావరకు వచ్చేస్తాయి. జిగురు ఆరకముందే తొందరపడి లాగితే ముళ్లు ఇంకా లోపలికి పోతాయి.

చట్టం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. క్వీన్స్‌లాండ్ బయోసెక్యూరిటీ చట్టం, 2014 ప్రకారం పండు కోసం పెంచే ఒపన్షియా ఫైకస్-ఇండికా తప్ప మిగతా ఒపన్షియా జాతులన్నీ ఆంక్షలో, పూర్తి నిషేధమో ఉన్న దురాక్రమణ మొక్కలు. వాటిని అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, ఎక్కడంటే అక్కడ పారేయకూడదు. జ్ఞాపకానికి ఒక్క పడగ కూడా సంచిలో వేసుకోవద్దు. కంచె లోపలి నేలంతా ఎవరో ఒకరిది. అడిగి, ఒప్పుకున్నాకే గేటు తీయాలి, తీసిన గేటు వెంటనే వేయాలి.

మొదటి రోజు: బ్రిస్బేన్, టూవూంబా, డాల్బీ

బ్రిస్బేన్ నగరంలోనే షెర్వుడ్ అనే పేట ఉంది. నాగజెముడును (ఇంగ్లిష్‌లో ప్రిక్లీ పేర్) అదుపు చేయడానికి కామన్వెల్త్ ప్రిక్లీ పేర్ బోర్డు 1920లో ఏర్పడ్డాక దాని ప్రధాన ప్రయోగశాల ఇక్కడే నడిచింది. లోపలికి వెళ్లి చూసే ఏర్పాటు ఉంటుందని నమ్ముకుని వెళ్లొద్దు. కథ మాత్రం ఇక్కడి నుంచే ఎత్తుకోవాలి, ఎందుకంటే పురుగు ఆస్ట్రేలియాలో ఓడ దిగి చేరింది ఈ ఊరికే.

అది మొదటి ప్రయత్నం కాదు. 1912లో బయల్దేరిన ఇద్దరు సభ్యుల కమిషన్, థామస్ హార్వే జాన్‌స్టన్, హెన్రీ ట్రయాన్, జెముడుకు శత్రువులెవరో వెతుకుతూ దేశాలు తిరిగింది. అర్జెంటీనాలోని లా ప్లాటా నుంచి వాళ్లు పంపిన ఈ పురుగులు బ్రిస్బేన్‌లో తర్వాతి తరం ఇవ్వకుండానే చచ్చిపోయాయి. పదేళ్లు గడిచాయి. 1925 మొదట్లో బోర్డు కీటక శాస్త్రవేత్త అలన్ పార్క్‌హర్స్ట్ డాడ్ అర్జెంటీనాలోని కాంకోర్డియా దగ్గర గొంగళి పురుగుల్ని ఏరి, పెంచి, తల్లి పురుగులు పెట్టిన సుమారు మూడు వేల గుడ్లను ఓడెక్కించాడు. దక్షిణాఫ్రికా మీదుగా వచ్చే దూరప్రయాణం. దారిలోనే గుడ్లు పొదిగాయి. పెట్టెల్లో జెముడు ముక్కలు కూడా పెట్టారు కాబట్టి పిల్ల పురుగులు తింటూ వచ్చి మే నెలలో బ్రిస్బేన్ చేరాయి. బోనుల్లో రెండు తరాలు గడిచేసరికి గుడ్ల లెక్క పాతిక లక్షలు దాటింది. పంట మొక్కల మీద వదిలి, వేరే తిండి లేకుండా చేసి చూశాకే బయటకు తీశారు. పురుగులు ఆకలితో చచ్చాయి కానీ ఆ మొక్కలతో బతకలేదు. 1926 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొలాల్లో మొదటి విడుదల జరిగింది.

ఇదంతా ఒక్క పురుగు ప్రతిభగా చెప్పడం వాడుక. బోర్డు మనుషులు జెముడు జాతుల మీద బతికే సుమారు 150 రకాల పురుగుల్ని పరిశీలించారు, వాటిలో పన్నెండు రకాలు మాత్రమే ఇక్కడి నేలలో నిలదొక్కుకున్నాయి. కాక్టోబ్లాస్టిస్ ఆ పన్నెండులో ఒకటి. పని ఎక్కువ చేసింది అదే, కానీ ఎక్కడ చేసింది, ఎక్కడ చేయలేకపోయింది అన్నదే ఈ ఐదు రోజుల్లో చూడాల్సింది.

షెర్వుడ్ నుంచి వారెగో హైవే ఎక్కితే టూవూంబా సుమారు 125 కిలోమీటర్లు. కొండ ఎక్కేదాకా జెముడు కోసం చూడాల్సిన పనిలేదు. పైన డార్లింగ్ డౌన్స్ నల్లరేగడి. కర్నూలు, ఆదిలాబాద్ వైపు నేలలు తెలిసినవాళ్లకు ఈ మట్టి కొత్త కాదు. పత్తి, జొన్న పొలాలు కూడా కనిపిస్తాయి. ఇంకో 85 కిలోమీటర్లు పోతే డాల్బీ. ఊళ్లో మయాల్ క్రీక్ ఒడ్డున కాక్టోబ్లాస్టిస్ స్మారకంగా 1965లో పెట్టిన రాతి కట్టడం ఉంది. పొద్దు వాలేలోగా దాన్ని చూసి బస చేయాలి. ఈ హైవే మీద రాత్రి బండి నడపొద్దు. సందె వేళ కంగారూలు రోడ్డు మీదకు వస్తాయి, పెట్టెలు తగిలించుకున్న పొడుగు లారీలు వెంటనే ఆగలేవు.

రెండో రోజు: బూనార్గా, చిన్‌చిల్లా

డాల్బీ నుంచి చిన్‌చిల్లా 80 కిలోమీటర్లు. చిన్‌చిల్లాకు పది కిలోమీటర్ల ముందు, రోడ్డు పక్కనే బూనార్గా. చిన్న చెక్క హాలు, ముందు భాగాన పేరు: బూనార్గా కాక్టోబ్లాస్టిస్ మెమోరియల్ హాల్. 1936లో తెరిచారు. క్వీన్స్‌లాండ్ వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది. ఊరివాళ్లు పెళ్లికీ, డ్యాన్సుకీ, మీటింగుకీ కూడే చోటికి ఒక గొంగళి పురుగు పేరు పెట్టుకున్నారంటే, అంతకు పదేళ్ల ముందు ఆ నేల ఎలా ఉండేదో ఊహించుకోవాలి.

1839 ప్రాంతంలో న్యూ సౌత్ వేల్స్‌లోని స్కోన్‌కు కుండీలో వచ్చిన మొక్క నుంచి ఒపన్షియా స్ట్రిక్టా పాకిందని చెబుతారు. కంచెకు పనికొస్తుందని, కరువులో పశువుకు మేతవుతుందని ఒకరినుంచి ఒకరు నాటుకుంటూ పోయారు. 1900 నాటికి అది ఆక్రమించిన నేల 40 లక్షల హెక్టార్లు. 1920ల నడిమికి రెండున్నర కోట్ల హెక్టార్లకు దగ్గరగా వచ్చింది, అందులో సగం మనిషి దూరలేనంత దట్టం. అక్కడి లెక్కల్లో ఏడాదికి పది లక్షల ఎకరాలు కొత్తగా చేజారేవి. జెముడును తుదముట్టించే ఉపాయం చెప్పినవాళ్లకు క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 1901లో 5,000 పౌండ్లు, 1907లో దాన్ని 10,000 పౌండ్లు చేసి బహుమతి ప్రకటించింది. ఎవరూ అందుకోలేదు.

నరికితే లాభం లేకపోవడానికి కారణం మొక్క నిర్మాణంలోనే ఉంది. పడగ మీద ప్రతి కన్నూ వేరు వేయగలదు, మొగ్గ వేయగలదు. నరికి కుప్ప పోస్తే కుప్ప చిగురిస్తుంది. అడుగున పడ్డవి కుళ్లినా పైన ఉన్నవి నెలల తరబడి బతికి, వాన పడగానే నేల పట్టుకుంటాయి. పండు తిన్న కాకులూ, ఈమూలూ గింజల్ని మైళ్ల దూరం మోసేవి. అందుకే ఒక దశలో ఆ పక్షులను చంపినవారికి డబ్బిచ్చారు. మందు కొట్టడం పనిచేసేది, కానీ ఎకరం నేల ఖరీదు కన్నా ఎకరానికి మందు ఖర్చు ఎక్కువయ్యేది. కౌలుకు తీసుకున్నవాళ్లు ఇళ్లు వదిలేసి పోయారు.

హాలు దగ్గర అరగంట చాలు. చిన్‌చిల్లా చేరాక హిస్టారికల్ మ్యూజియం తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కుని వెళ్లాలి. ఈ చుట్టుపక్కలే బోర్డు క్షేత్ర కేంద్రం నడిచింది. బోనుల్లో పెట్టించిన గుడ్ల పుల్లల్ని లెక్కపెట్టి, కాగితం గొట్టాల్లో సర్ది, పొలం యజమానులకు ఉచితంగా పంచేవారు. వాళ్లు ఆ గొట్టాన్ని గుండుసూదితో పడగకు గుచ్చి వదిలేసేవారు. 1926 నుంచి 1931 లోపల ఇలా పంచిన గుడ్లు రెండు వందల కోట్లకు పైమాటే. పురుగు తనంతట తాను ఎగిరి పాకలేదా అంటే, పాకింది. కానీ తల్లి పురుగు బతికేది తొమ్మిది పది రోజులు, అది ఏమీ తినదు, దగ్గర్లో జెముడుంటే దూరం పోదు. నడిమి ఖాళీలను దాటించింది మనుషులే. నా లెక్కలో పురుగును కనిపెట్టడం ఎంత పనో, ఈ పంపిణీ అంత పని. స్మారకాల మీద మాత్రం పురుగు పేరే ఉంటుంది.

మూడో రోజు: చిన్‌చిల్లా చుట్టూ, పొదల మధ్య

తెల్లవారుతూనే బయల్దేరాలి. పదకొండు దాటితే ఎండ నిలవనివ్వదు. మనిషికి కనీసం ఐదు లీటర్ల నీళ్లు బండిలో ఉండాలి.

ఒకప్పటి దట్టమైన పొదలు ఇప్పుడు లేవు. ఉన్నవి రోడ్డు పక్కన, పశువులను తోలే ప్రభుత్వ బాటల వెంట, బ్రిగలో తుమ్మ చెట్ల నీడన, మోకాలు నుంచి నడుము ఎత్తున అక్కడక్కడ ఒకటీ రెండు. బ్రిగలో ఆకు వెండి రంగులో మెరుస్తుంది, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. పొద దగ్గరికి పోగానే చేయి పెట్టొద్దు. బూటుతో నేల తట్టి, రెండు నిమిషాలు ఆగి, మొదలు చుట్టూ చూడాలి. అక్కడి బ్రౌన్ స్నేక్ విషం ప్రాణం తీసేంత తీవ్రం, దానికి ఈ నీడలు ఇష్టం.

మొదట వెతకాల్సింది గుడ్ల పుల్ల. చాలామంది దీన్ని చూస్తూనే చూడకుండా పోతారు, ఎందుకంటే అది అచ్చం ముల్లులా ఉంటుంది. తల్లి పురుగు మొదటి గుడ్డును ముల్లు కొనకు అంటించి, దానిమీద రెండోది, దానిమీద మూడోది, బిళ్లల దొంతర పేర్చినట్టు డెబ్బై తొంభై గుడ్లు పేరుస్తుంది. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, కొద్దిగా వంపు. ముల్లు నున్నగా, కొన వైపు సన్నబడుతూ పోతుంది. పుల్ల మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. భూతద్దంలో అడ్డగీతలు కనిపిస్తే అది గుడ్ల పుల్లే. లేత గోధుమ రంగు అయితే కొత్తది, ముదురు రంగుకు తిరిగితే పొదగబోతోంది, ప్రతి గుడ్డుకూ చిల్లు ఉంటే పిల్లలు వెళ్లిపోయాయి. ఎండాకాలంలో పొదగడానికి మూడు నాలుగు వారాలు. చలిలో ఇంకా ఎక్కువ. ఒక తల్లి ఇలాంటివి మూడు నాలుగు పెడుతుంది.

ఇలా ఒకే చోట పేర్చడం వెనక గట్టి కారణం ఉంది. పడగ పైతోలు దళసరి, లోపల బంక. పిల్ల పురుగు ఒంటరిగా కొరికితే బంక పొంగి అందులోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. డెబ్బై పిల్లలు ఒక్క చోట చేరి ఒక్క చిల్లే పెడతాయి. ముందు కొరికినవి కొన్ని బంకలో పోయినా వెనక వచ్చేవి లోపలికి చేరతాయి. ఆ చిల్లు దగ్గర ఆరిన బంక పెచ్చు కడుతుంది, అదే గుర్తు. గుడ్ల పుల్ల విరిగి సగమే మిగిలినా, చీమలు చాలా గుడ్లు ఎత్తుకుపోయినా, మిగిలిన పిల్లలు లోపలికి దూరలేక మొత్తం గుంపు పోతుంది. ఈ పురుగును వదిలి ఫలితం రాలేదన్న చోట ముందు చూడాల్సింది చీమల బారు.

లోపలికి చేరాక మన వరిలో కాండం తొలిచే పురుగు గుర్తొస్తుంది: పైకి మొక్క బాగానే ఉంటుంది, పని లోపల జరుగుతుంది. గుంపుగా తింటూ, విసర్జనను అదే చిల్లులోంచి బయటకు తోస్తాయి. పడగ అంచున పచ్చగా, తడిగా, పేడ కళ్లాపిలా కారుతున్న చార కనిపిస్తే లోపల పురుగు సజీవంగా ఉన్నట్టు. చార ఎండి గోధుమ రంగుకు మారితే అవి పక్క పడగలోకి జరిగాయి. పట్టకారుతో అలాంటి పడగ అంచును మెల్లగా చీల్చి చూడండి. పిల్లదశలో గులాబీ ఛాయ తెలుపు, పెరిగాక నారింజ ఎరుపు మీద నల్లని అడ్డపట్టీలు, పొడవు అంగుళం పైన. ఈ రంగు పక్షులకు హెచ్చరిక. గుజ్జంతా తిని నాళాల అల్లికను మాత్రం వదిలేస్తాయి, అందుకే తినేసిన పడగ వెలుగుకు పెడితే పల్చని కాగితంలా, లోపల వల కనిపిస్తూ ఉంటుంది. చిల్లుల్లోంచి దూరిన బ్యాక్టీరియా, బూజు మిగతాది కుళ్లబెడతాయి. సంఖ్య ఎక్కువగా ఉంటే మొదలు దాకా, నేలలోని గడ్డ దాకా దిగుతాయి. దట్టమైన పొదలు రెండు మూడేళ్లలో కూలడానికి కారణం ఈ కుళ్లు. పురుగు నోరొక్కటే ఆ పని చేయలేదు.

పూర్తిగా ఎదిగినవి కిందికి దిగి కుళ్లిన పడగల అడుగున, బెరడు సందుల్లో, రాళ్ల కింద తెల్లని పల్చని గూడు అల్లుకుంటాయి. ఒక ఎండు పడగను పట్టకారుతో తిరగేస్తే ముందు తరం ఖాళీ గూళ్లు దొరుకుతాయి. తల్లి పురుగు మాత్రం పగలు దాదాపు కనబడదు. బూడిద గోధుమ రంగు, రెక్కలు చాచితే అంగుళం పైచిలుకు, ఎండు కొమ్మను అంటుకుని కూర్చుంటే కొమ్మలోనే కలిసిపోతుంది. జత కట్టడం తెల్లవారుజామున. దాన్ని చూసి తీరాలని రాత్రి పొదల్లో తిరగొద్దు. పాముల సంగతి పైన చెప్పాను.

పొదలో తెల్లని దూది ఉండలు కనిపిస్తే అది వేరే పని. ఒక ఉండను పుల్లతో చిదిపి చూడండి. రక్తంలా ఎర్రటి రంగు వస్తే కొచినీల్ పురుగు, మన పిండినల్లికి దూరపు బంధువు. కాక్టోబ్లాస్టిస్‌కు దూది లేదు, చిదిపితే ఇలాంటి ఎర్ర రంగు రాదు. ఈ ఎరుపు వెనక మనకూ ఒక కథ ఉంది. జాన్‌స్టన్, ట్రయాన్‌ల కమిషన్ మన భారత ఉపఖండం వైపు నుంచి డాక్టిలోపియస్ సిలోనికస్ అనే కొచినీల్‌ను తీసుకెళ్లింది. అది క్వీన్స్‌లాండ్‌లో ఒపన్షియా మోనకాంతా అనే చెట్టు జెముడును 1914 తర్వాత త్వరలోనే అణిచేసింది. ఆ తర్వాత లెక్క తిరగబడింది. ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న డాక్టిలోపియస్ ఒపన్షియే సిలోన్‌కు వెళ్లి, అక్కడి నుంచి 1926లో దక్షిణ భారతానికి వచ్చింది. మన నాగజెముడు డొంకలు చాలాచోట్ల కరిగిపోవడానికి కారణం అదే. మన దగ్గర ఆ పని చేసింది చిమ్మట కాదు, దూది పురుగు.

ఇక్కడి రైతులు పురుగును ఒక పొద నుంచి ఇంకో పొదకు ఇప్పటికీ చేరుస్తారు. పద్ధతి ఇది. స్థానిక కౌన్సిల్ కలుపు అధికారిని ముందు అడిగి, ఒకే పొలం లోపల చేయాలి. పచ్చని చార కారుతున్న పడగను, చిల్లు చెదరకుండా, కణుపు దగ్గర కోయాలి. కొత్త పొద మొదట్లో, నీడ వైపు, ఆరోగ్యంగా ఉన్న పడగకు ఆనించి పెట్టాలి. నేల మీద దూరంగా వదిలేస్తే పురుగులు నడిచి చేరేలోగా చీమలపాలవుతాయి. గుడ్ల పుల్ల అయితే ముల్లుతో సహా తుంచి కాగితంలో చుట్టి మోయాలి. మూత వేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఎండలో పెడితే గంటలో ఉడికిపోతాయి. పుల్లను పడగకు తాకేలా అంటించాలి. చిన్న మొక్కకు ఒక్క పుల్ల చాలు. ఎక్కువ పెడితే సగం పెరగకముందే తిండి అయిపోయి అన్నీ చస్తాయి, మొక్క మాత్రం వేరు నుంచి చిగురిస్తుంది. ఎండకు పసుపు తిరిగి ముడుచుకుపోయిన మొక్క మీద పెట్టినా వృథా, అందులో పురుగు పెరగడానికి సత్తువ ఉండదు. మందు కొట్టిన పొదలో పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు: పడగ చస్తే లోపల పురుగూ చస్తుంది, బతికిన ముక్కలు మాత్రం మిగులుతాయి.

పురుగు జెముడును పూర్తిగా ఎందుకు మాపలేదన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ పొదల్లోనే దొరుకుతుంది. వరసగా ఇరవై మొక్కల మీద పుల్లలు లెక్కపెట్టండి. ఏ నాలుగైదు మొక్కల మీదో గుత్తులు గుత్తులు, మిగతావి ఖాళీ. తల్లి పురుగులు సమంగా పంచవు. బరువెక్కిన మొక్క చస్తుంది, దాని మీది పురుగుల్లో చాలావరకు ఆకలికి పోతాయి. ఖాళీగా మిగిలినది గింజ వేస్తుంది. 1932, 33ల్లో జరిగింది దీని పెద్ద రూపం: దట్టమైన జెముడు కూలాక తిండి లేక చిమ్మట సంఖ్య పడిపోయింది, మిగిలిన గడ్డల నుంచి జెముడు మళ్లీ లేచింది. పురుగు మళ్లీ పెరిగి దాన్ని మళ్లీ అణిచింది. అప్పటి నుంచి ఇద్దరూ తక్కువ సంఖ్యలోనే, ఒకరి వెంట ఒకరు నడుస్తున్నారు.

సాయంత్రం బసకు చేరాక బూట్ల అడుగులు, టైర్ల గాడులు, ప్యాంటు అంచులు వెతకాలి. దొరికిన ముక్కలు రేకు డబ్బాలోకి.

నాలుగో రోజు: మైల్స్, డులాకా

చిన్‌చిల్లా నుంచి మైల్స్ 45 కిలోమీటర్లు, అక్కడి నుంచి డులాకా ఇంకో అంత. డులాకాలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు, కానీ దీన్ని వదిలేస్తే కథ సగమే. 1912 నుంచి 1916 దాకా డాక్టర్ జీన్ వైట్ ఇక్కడ జెముడు ప్రయోగ కేంద్రం నడిపారు. ఆ కాలంలో ఒక మహిళా శాస్త్రవేత్తకు అలాంటి కేంద్రం అప్పగించడమే అరుదు. ఎండలో, వేల సంఖ్యలో విష ప్రయోగాలు చేశారు. అన్నిటిలో ఆర్సెనిక్ పెంటాక్సైడ్ బాగా పనిచేస్తుందని తేల్చారు. తర్వాత ఏళ్ల తరబడి రైతులు కొట్టింది ఆ ఆర్సెనిక్ ద్రావణాలే. కొచినీల్ పురుగును చెట్టు జెముడు మీద వదిలి చూసిన పని కూడా ఈ కేంద్రంలో ఉంది. పురుగుల పద్ధతికి నేల సిద్ధం చేసినవాళ్లలో ఆమె పేరు ముందు చెప్పాలని నా అభిప్రాయం.

డులాకా నుంచి మైల్స్‌కు వెనక్కి వచ్చే దారిలో ఈ పురుగు వేరే దేశాల్లో ఏం చేసిందో గుర్తుచేసుకోవాలి. 1957లో కరీబియన్‌లోని నెవిస్ దీవికి తెచ్చి వదిలారు. అక్కడి జెముళ్లు స్థానికమైనవి. దీవి నుంచి దీవికి పాకి 1989లో అమెరికాలోని ఫ్లోరిడా కీస్‌లో కనిపించింది. అక్కడ కొద్ది మొక్కలే మిగిలిన కాన్సోలియా కొరాలికోలా అనే జెముడుకు అది ముప్పు. 2006లో మెక్సికోలోని ఇస్లా ముహేరెస్ దీవి చేరింది. జెండా మీద నోపాల్, అంటే నాగజెముడు, ఉన్న దేశం అది. ఆ పడగల్ని కూరగా వండుకుంటారు, పండు అమ్ముకుంటారు, కరువులో పశువుకు వేస్తారు. మొక్కల్ని పీకి నాశనం చేస్తూ, రేడియేషన్ ఇచ్చి వంధ్యం చేసిన చిమ్మటల్ని వదులుతూ మెక్సికో, అమెరికా కలిసి పనిచేసి 2009కల్లా మెక్సికో దీవుల నుంచి దాన్ని తొలగించాయి. తల్లి పురుగు ఏమీ తినదు కాబట్టి విషం కలిపిన ఎర పనికిరాదు; ఆడ పురుగు వాసనను పోలిన మందుతో మగవాటిని బోనులోకి రప్పించి లెక్క తెలుసుకోవాల్సిందే. బూనార్గాలో హాలు కట్టించిన గుణమే, అంటే ఏ పడగైనా తొలిచే గుణమే, అక్కడ నష్టం.

రాత్రికి మైల్స్‌లోనే.

ఐదో రోజు: గుండావిండీ మీదుగా వెనక్కి

దక్షిణంగా లైక్‌హార్ట్ హైవే. కాండమైన్, మూనీ దాటి గుండావిండీ రెండొందల కిలోమీటర్లకు కొంచెం పైన. మధ్యలో బంకులు తక్కువ, మైల్స్‌లోనే పెట్రోలు నింపుకోవాలి.

దారి పొడవునా వెల్వెట్ చెట్టు జెముడు, ఒపన్షియా టొమెంటోసా, కనిపిస్తుంది. మనిషి కన్నా రెండింతలు ఎత్తు, పడగ తాకితే ముఖమల్ నూగు, నారింజ పూలు. దీని లేత మొక్కల్ని కాక్టోబ్లాస్టిస్ చంపగలదు; మాను కట్టిన చెట్టును చంపలేదు, పై పడగలు కొన్ని తిని వదిలేస్తుంది. దాన్ని లొంగదీసేది కొచినీల్. కింద రాలి వేరూనుతున్న పడగలు చూస్తే పురుగు ఎక్కడి దాకా పనిచేసి ఆగిందో తెలుస్తుంది.

గుండావిండీ దగ్గర మకింటైర్ నది, అవతల న్యూ సౌత్ వేల్స్. ఈ సరిహద్దు నదుల వెంట చూడాల్సింది టైగర్ పేర్, ఒపన్షియా ఆరాంటియాకా. అది మోకాలి ఎత్తు కూడా ఉండదు, గడ్డిలో దాక్కుంటుంది. ఒక్కో ముక్క వేలంత, ముళ్లు మాత్రం పొడుగు, కొనకు కొక్కెం. అంత చిన్న ముక్కలో డెబ్బై పురుగులకు తిండి ఎక్కడిది? గుంపు ఒక ముక్కను ఖాళీ చేసి రెండోదాన్ని వెతికేలోగా ఎండకూ చీమలకూ చిక్కుతుంది. గుంపుగా దూరడమే దీని బలం అనుకున్నాం కదా, ఇక్కడ అదే అడ్డు. చలి ఎక్కువగా ఉండే దక్షిణపు జిల్లాల్లో తరాలు నెమ్మదించడం మరో ఇబ్బంది. టైగర్ పేర్ మీద పనిచేసేది అర్జెంటీనా నుంచి 1930ల్లో తెచ్చిన డాక్టిలోపియస్ ఆస్ట్రినస్ అనే కొచినీల్. అది తనంతట తాను దూరం పోదు. పురుగు పట్టిన ముక్కల్ని పట్టకారుతో తెచ్చి కొత్త మొక్కల మీద పెడుతూ పోవాలి. వానలు ఎక్కువైన ఏడాది కొచినీల్ కొట్టుకుపోయి జెముడు మళ్లీ లేస్తుంది.

ఈ మొక్కకు మొలకెత్తే గింజ దాదాపు ఉండదు. ముక్క ఊడి గొర్రె ఉన్నికో, కంగారూ కాలికో, టైరుకో తగులుకుని పోతుంది, వరద వస్తే నదిలో తేలి కిందికి పోతుంది. అందుకే నది ఒడ్డున బండి దిగేముందు నేల చూసి దిగాలి, వీలైతే తారు రోడ్డు మీదే ఆపాలి.

బ్రిస్బేన్‌కు కనింగ్‌హామ్ హైవే మీద ఇంకా 350 కిలోమీటర్లు ఉంది, ఇంగిల్‌వుడ్, వార్విక్ మీదుగా. గుండావిండీ పొలిమేర దాటకముందే బండి పక్కకు ఆపి నాలుగు టైర్లూ మెల్లగా ఒక్కో పాదం ముందుకు జరుపుతూ గాడులన్నీ చూడాలి, తర్వాత బూట్లు, తర్వాత కాళ్ల కింది చాపలు. గాడిలో ఆకుపచ్చ ముక్క కనిపిస్తే వేలు పెట్టొద్దు. శ్రావణంతో ముల్లు మొదలు పట్టుకుని, దిగిన దిశలోనే వెనక్కి లాగి, డబ్బాలో వేసి మూత బిగించాలి. ఈ ముక్క ఎండిపోయినట్టు కనిపించినా నెలల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. ఎక్కడ ఎలా పారేయాలో అదే ఊరి కౌన్సిల్‌ను అడిగి డబ్బా అక్కడే ఖాళీ చేసి బయల్దేరాలి.